తిరుమల ఘాట్ రోడ్డు: కొండ పెట్టిన నియమాలు

నాగలమడిక, పావగడ పరిసరాల నుండి నగరానికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలలో తిరుమల కొండ ఎక్కని కుటుంబం అరుదు. బిడ్డకు పుట్టువెంట్రుకలు తీయించాలన్నా, పెళ్లి మొక్కు చెల్లించాలన్నా, ఇంట్లో జబ్బుపడినవారు కోలుకున్నా, ఒక టెంపో ట్రావెలరో జీపో మాట్లాడుకొని రాత్రికి రాత్రే బయలుదేరుతాము. కొండ ఎక్కుతున్నంతసేపూ కిటికీలోంచి లోయ అందం చూసి గోవిందనామం చెప్పుకుంటాము. చక్రాల కింద ఉన్న దారిని గురించి ఆలోచించేది తక్కువ. ఆ దారి ఎప్పుడు పుట్టింది? అన్ని మలుపులు ఎందుకు తిరుగుతుంది? ఎక్కే దారి ఒకటి, దిగే దారి ఒకటి ఎందుకయ్యాయి? త్వరగా చేరిన బండికి అక్కడ జరిమానా ఎందుకు వేస్తారు? ఈ ప్రశ్నలకు సమాధానం తెలిస్తే ఘాట్ రోడ్డు మీద మనం పాటించవలసిన నియమాలు మరొకరి ఆజ్ఞలుగా తోచవు. వాటిలో ప్రతి ఒక్కదాని వెనుక కొండ స్వభావమో, గడచిన అనుభవమో ఉన్నది. ఆ సంగతులను వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఎత్తు నుండి ఎత్తుకు

మొదట ఒక చిన్న లెక్క. బెంగళూరు నగరం సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్లకు పైబడిన ఎత్తులో ఉన్నది. తిరుమల ఆలయం ఉన్న ఎత్తు సుమారు 850 మీటర్లు. అంటే మనం దేవుడి కొండకు వెళ్లినప్పుడు చేరుకునే ఎత్తు, మనం బయలుదేరిన నగరం ఎత్తు కంటె కొంచెం తక్కువే. అయినా కొండ ఎక్కినట్లు ఎందుకు అనిపిస్తుంది? నడుమ తిరుపతి ఉన్నది కాబట్టి. ఆ పట్టణం ఎత్తు సుమారు 160 మీటర్లు మాత్రమే. మైసూరు పీఠభూమి మీద పుట్టి పెరిగిన మనం ముందుగా ఆ పీఠభూమి అంచు నుండి మైదానానికి దిగి, తిరిగి శేషాచలం కొండల మీదికి ఎక్కుతాము.

ఈ దిగుడు రెండు చోట్ల ఎదురవుతుంది. బెంగళూరు నుండి కోలారు, ముళబాగిలు, పలమనేరు మీదుగా చిత్తూరు వైపు వెళ్లేవారికి మొగిలి ఘాట్ వస్తుంది. పావగడ సీమ నుండి నేరుగా కదిరి, మదనపల్లె, పీలేరు మీదుగా వెళ్లేవారికి భాకరాపేట ఘాట్ వస్తుంది. తిరుమల కొండ అంటే అందరూ జాగ్రత్తపడతారు. ఈ రెండు కనుమలను మాత్రం మామూలు రహదారిగా భావించి నిద్రమత్తులో దాటుతారు. 2022 మార్చిలో ధర్మవరం నుండి తిరుపతికి నిశ్చితార్థానికి వెళుతున్న బంధుజనంతో నిండిన బస్సు రాత్రివేళ భాకరాపేట ఘాట్‌లో లోయలో పడి పలువురు మరణించారు. 2024 సెప్టెంబరులో మొగిలి ఘాట్‌లో బస్సు, లారీలు ఢీకొని మరికొందరు ప్రాణాలు కోల్పోయారు. ధర్మవరం మనకు పొరుగు సీమ. అటువంటి వేడుకకే, అటువంటి బండిలోనే, అదే వేళకు మనమూ బయలుదేరుతుంటాము. కనుక ఘాట్ రోడ్డు సంగతి అలిపిరి వద్ద మొదలవుతుందని అనుకోరాదు.

మెట్లు, డోలీలు

శతాబ్దాల పాటు తిరుమలకు బండి దారి లేదు. ఉన్నవి కాలిబాటలే. అలిపిరి నుండి సాగే దారి సుమారు తొమ్మిది కిలోమీటర్లు. మెట్లు సుమారు 3,550. శ్రీనివాసమంగాపురం వైపు నుండి ఎక్కే శ్రీవారి మెట్టు దారి రెండు కిలోమీటర్లకు కొంచెం ఎక్కువ, మెట్లు 2,388. ఒకటి పొడవు, రెండవది నిటారు. 1513 నుండి 1521 వరకు ఏడు పర్యాయాలు స్వామిని దర్శించిన శ్రీకృష్ణదేవరాయలు చంద్రగిరి వైపు నుండి శ్రీవారి మెట్టు దారినే వచ్చేవారని చెబుతారు. అలిపిరి దారిలో మోకాళ్ల పర్వతమనే నిట్రపు చోటు ఒకటున్నది. బాలుడైన అన్నమయ్య అలసి అక్కడే సొమ్మసిల్లగా అలమేలుమంగ ఆదుకున్నదని ఆయన చరిత్రలో వినిపించే గాథ. ఆ గాథలో భక్తి ఎంత ఉన్నదో, ఆ ఎక్కుడులోని కష్టం కూడా అంతే ఉన్నది.

నడవగలిగినవారికి మెట్లు సరిపోయాయి. నడవలేనివారి సంగతి? ముసలివారు, రోగులు, నిండు చూలాళ్లు, కాళ్లు లేనివారు ఒకరి భుజాల మీద ఎక్కి పోవలసిందే. వెదురు బొంగుకు కట్టిన డోలీలో కూర్చోబెట్టి బోయీలు మోసుకొని పోయేవారు. డోలీకి కూలి ఇచ్చుకోగలవాడు పైకి చేరేవాడు. ఇచ్చుకోలేనివాడు అలిపిరి వద్ద పాదాల మండపంలో దండం పెట్టుకొని వెనుదిరిగేవాడు. పైన ఉండే అర్చకులకు, సత్రాలకు కావలసిన బియ్యం, పప్పు, నెయ్యి అన్నీ మనుషుల తలల మీద, పశువుల వీపుల మీద కొండ ఎక్కవలసి వచ్చేవి. 1830లో చెన్నపట్నం నుండి కాశీయాత్రకు బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య తన యాత్ర తొలినాళ్లలోనే తిరుపతిని సేవించుకున్నారు. ఆయన కాలానికీ, ఆ తరువాత నూరేళ్లకు పైగానూ కొండ మీదికి చేరే పద్ధతి పెద్దగా మారలేదు. పంతొమ్మిదవ శతాబ్దం ముగిసేసరికి తిరుపతి దాకా రైలు వచ్చింది. రైలు దిగిన తరువాత మాత్రం మళ్లీ కాళ్లే దిక్కు.

1944: చక్రం కొండ ఎక్కిన సంవత్సరం

1843 నుండి ఆలయ పరిపాలన హథీరాంజీ మఠం మహంతుల చేతిలో ఉండేది. మద్రాసు శాసనసభ 1932లో చేసిన చట్టంతో తిరుమల తిరుపతి దేవస్థానాల పాలకవర్గం ఏర్పడింది. యాత్రికుల సౌకర్యం ఒక సంస్థ బాధ్యతగా మారిన తరువాతనే కొండకు బండి దారి ఆలోచన కార్యరూపం దాల్చింది. మొదటి ఘాట్ రోడ్డును 1944 ఏప్రిల్ 10న అప్పటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హోప్ ప్రారంభించారు. అది రెండవ ప్రపంచయుద్ధం సాగుతున్న కాలం. పెట్రోలుకు రేషను ఉన్న రోజులు. అటువంటి వేళ కొండను తొలిచి రహదారి వేయడం సాహసమే.

ఈ దారి రూపకల్పనతో సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య పేరును ముడిపెట్టి చెప్పడం ప్రసిద్ధమైన విషయం. ఆయన ఇంటిపేరును మన పాఠకులు ఒకసారి గమనించాలి. గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం నుండి ఆయన పూర్వులు మైసూరు సీమకు తరలివచ్చి, నేటి చిక్కబళ్లాపుర జిల్లాలోని ముద్దేనహళ్లిలో స్థిరపడ్డారు. వలస వచ్చిన ఆ తెలుగు కుటుంబంలో పుట్టిన బిడ్డ 1912లో మైసూరు దివాను అయ్యాడు. అంతకు ముందే 1908 మూసీ వరద తరువాత హైదరాబాదు నగర రక్షణకు ప్రణాళిక వేశాడు. విడిచి వచ్చిన ఊరిని ఇంటిపేరుగా మోస్తూ, చేరిన ఊరికి సేవ చేసిన మనిషి ఆయన. మనలో చాలామంది ఇంటి కథ కూడా ఇటువంటిదే.

రోడ్డు వచ్చింది, నడవలేనివారు బండి ఎక్కి స్వామి ఎదుట నిలిచారు. కాని ఒక మాట చెప్పకపోతే ఈ చరిత్ర పూర్తి కాదు. 1944లో దారి తెరుచుకున్ననాటికి దళితులకు ఆలయ ద్వారం తెరుచుకోలేదు. మద్రాసు ఆలయ ప్రవేశ చట్టం 1947లో వచ్చింది. బస్సు అందరినీ కొండమీదికి చేర్చగలదు. గడప దాటించడానికి చట్టం కావలసి వచ్చింది. దారి, ద్వారం రెండూ తెరుచుకున్నప్పుడే అది అందరి కొండ అయింది.

మలుపులు ఎందుకు?

తిరుపతికి, తిరుమలకు ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. ఆ 700 మీటర్లను ఎంత దూరంలో ఎక్కుతామన్నదే కొండదారి రహస్యం. శ్రీవారి మెట్టు దారిలో మూడు నాలుగు అడుగులు ముందుకు వేసేసరికి ఒక అడుగు పైకి లేస్తాము. మనిషి కాలు ఆ నిటారును తట్టుకోగలదు. బరువైన బండి తట్టుకోలేదు. మొదటి ఘాట్ రోడ్డు పొడవు సుమారు 19 కిలోమీటర్లు. అంటే సగటున ఇరవై ఏడు మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు పైకి లేస్తుంది. ఈ వాలును ఎద్దుబండి కూడా ఎక్కగలదు.

అయితే అంత పొడవైన దారికి కొండ మీద చోటేది? అందుకే దారిని మడతపెట్టాలి. కొండ వాలున అడ్డంగా కొంత దూరం పోయి, జడకు పెట్టుకునే పిన్ను వలె వెనక్కు తిరిగి, కొంచెం పైన మళ్లీ అడ్డంగా సాగాలి. ఇంజనీర్లు వీటిని హెయిర్‌పిన్ మలుపులంటారు. మొదటి ఘాట్ రోడ్డులో ఇవి 36. ఐరోపాలో ఆల్ప్స్ పర్వతాల మీద 1820–25 మధ్య కార్లో దొనెగాని అనే ఇంజనీరు వేసిన స్టెల్వియో రహదారికి ఒక వైపే 48 మలుపులున్నాయి. అది 2,750 మీటర్లకు పైగా ఎక్కుతుంది. తమిళనాడులోని కొల్లి కొండల దారికి 70 మలుపులు. దేశం ఏదైనా, శతాబ్దం ఏదైనా, లెక్క ఒక్కటే: నిటారును పొడవుతో కొనుక్కోవాలి. మలుపు మనకు విసుగు పుట్టించవచ్చు. బండిని కొండ ఎక్కనిచ్చేది మాత్రం ఆ మలుపే.

రెండవ దారి, ఒకే దిశ

తొలి ముప్పై ఏళ్లు ఎక్కే బండి, దిగే బండి ఒకే దారిలో ఎదురుపడేవి. ఇరుకు మలుపు వద్ద రెండు బస్సులు ఎదురైతే ఒకటి వెనక్కు నడవాలి, వెనుక లోయ. యాత్రికుల సంఖ్య పెరిగేకొద్దీ ఇది సాగదని తేలింది. 1974లో రెండవ ఘాట్ రోడ్డు వచ్చింది. దాని పొడవు సుమారు 16 కిలోమీటర్లు. హెయిర్‌పిన్ మలుపులు ఆరు మాత్రమే. అప్పటి నుండి ఎక్కడానికి కొత్త దారి, దిగడానికి పాత దారి అని విడదీశారు. ఎదురుబండి అనే ప్రమాదమే తొలగిపోయింది. 1970ల నడుమ వరకు దేవస్థానమే బస్సులు నడిపింది. ఆ తరువాత ఆ బాధ్యత ఆర్టీసీకి మారింది. 2022 నుండి విద్యుత్ బస్సులు కూడా ఈ కొండ ఎక్కుతున్నాయి. దిగేటప్పుడు వాటి మోటారే బండిని నిలువరిస్తూ, కొంత విద్యుత్తును తిరిగి బ్యాటరీకి చేరుస్తుంది. పొగ లేకపోవడం అడవికి మేలు; బ్రేకు మీద భారం తగ్గడం ప్రయాణికునికి మేలు.

ఇక త్వరగా చేరితే జరిమానా అన్న సంగతి. అలిపిరి వద్ద, కొండమీద టోల్‌గేటు వద్ద బండి సమయాన్ని నమోదు చేస్తారు. ఎక్కడానికి 28 నిమిషాలకు తక్కువ, దిగడానికి 40 నిమిషాలకు తక్కువ పట్టకూడదని దేవస్థానం నియమం. లెక్కవేస్తే ఎక్కేటప్పుడు గంటకు 34 కిలోమీటర్లు, దిగేటప్పుడు 28 కిలోమీటర్ల సగటు వేగం వస్తుంది. ఎక్కే వేగం కంటె దిగే వేగం తక్కువగా ఉండటం చాలామందికి వింతగా తోస్తుంది. మైదానపు డ్రైవరు బుద్ధి దీనికి సరిగ్గా తలకిందులు: ఎక్కుడులో ఇంజను మూలుగుతుంది కనుక భయపడతాడు, దిగుడులో బండి హాయిగా జారుతుంది కనుక ధీమాగా ఉంటాడు. ప్రమాదం ఆ ధీమాలోనే పొంచి ఉంటుంది.

దిగుడులో బ్రేకు మోసే బరువు

పన్నెండు టన్నుల బస్సు ఒకటి 700 మీటర్ల ఎత్తు నుండి దిగుతున్నదనుకుందాం. ఎక్కేటప్పుడు ఇంజను ఖర్చుపెట్టి పోగుచేసిన శక్తి అంతా దిగేటప్పుడు ఎక్కడికో పోవాలి. బ్రేకులతోనే బండిని ఆపుతూ దిగితే ఆ శక్తి అంతా బ్రేకులలో వేడిగా మారుతుంది. ఆ వేడితో మామూలు కుళాయి నీటిని 280 లీటర్ల వరకు మరిగే స్థితికి తేవచ్చు. పెద్ద పెళ్లి వంటశాలలో కాచే నీటికి సరిపడే నిప్పు, చక్రాల వద్ద చేటంత చోట రగులుతున్నదన్నమాట. లైనింగు ఒక హద్దు దాటి వేడెక్కితే పట్టు కోల్పోతుంది. బ్రేకు ఆయిలు మరిగి బుడగలు పుడితే పెడలు మెత్తగా లోపలికి పోతుంది, బండి ఆగదు. ముందుగా కాలిన వాసన వస్తుంది. ఆ వాసన వచ్చినప్పుడు బండిని సురక్షితమైన చోట ఆపి చల్లారనివ్వాలి. వేడి చక్రాల మీద నీళ్లు చల్లరాదు. వేడెక్కిన ఇనుము పగలవచ్చు.

దీనికి విరుగుడు ఎంతో పాతది. ఏ గేరులో కొండ ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. అప్పుడు ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. బ్రేకును మలుపు ముందు కొద్దిసేపు వాడితే చాలు. డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో దింపడం, ఇంజను ఆపి దింపడం ప్రాణాంతకం. ఇంజను ఆగితే చాలా బండ్లలో స్టీరింగు బిగుసుకుపోతుంది, బ్రేకుకు సాయం అందదు. ఇరవై రూపాయల డీజిలు కోసం ఇరవైమంది ప్రాణాలను పణంగా పెట్టడం ఏ లెక్కకూ అందని బేరం.

డ్రైవరు నిద్ర సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పగలంతా నగరంలో బాడుగ తోలి, రాత్రి మనల్ని ఎక్కించుకొని, తెల్లవారేసరికి అలిపిరి చేర్చే డ్రైవరు ఎన్ని గంటలు మేలుకొని ఉన్నాడో బండి మాట్లాడుకునేటప్పుడు మనం అడుగుతున్నామా? బేరం కిలోమీటరుకు ఎంత అన్నదాని మీదనే సాగుతుంది. దర్శనం టికెట్టు వేళను పట్టుకొని డ్రైవరును తొందరపెట్టేది మనమే. ఘాట్‌లో జరిగే తప్పు చక్రం వద్ద కనబడుతుంది. దాని మూలం చాలాసార్లు మన బేరంలో ఉంటుంది.

రాయి చెప్పే కథ

దారి పక్కన కొండ చరియను గమనించినవారికి ఒక వింత కనబడుతుంది. కింద గులాబి, బూడిద రంగుల గ్రానైటు. దాని మీద పొరలు పొరలుగా పేర్చినట్లున్న క్వార్ట్‌జైటు. పావగడ కోట నిలిచిన గుట్ట కూడా అటువంటి ప్రాచీన గ్రానైటే కనుక కింది రాయి మనకు పాత చుట్టమే. పైరాయి మనకు కొత్త. ఈ రెండు రాళ్లు కలిసే గీత వద్ద సుమారు 80 కోట్ల ఏళ్ల కాలం లేకుండా పోయింది. అంటే కింది రాయి ఏర్పడి, అరిగిపోయి, అంతకాలం గడచిన తరువాత దాని మీద పైపొర పడింది. ఘాట్ రోడ్డు మీద కనిపించే ఈ చోటును భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది. బస్సు కిటికీలోంచి ఇంత ప్రాచీనమైన దృశ్యం చూసే అవకాశం దేశంలో కొద్ది చోట్లే ఉన్నది.

ఆ పైపొర రాయికి ఒక గుణమున్నది. అది గట్టిదే గాని నిలువునా అడ్డంగా బీటలు గలది. వాన నీరు బీటల్లోకి దిగి, మట్టిని కరిగించి, రాయిని రాయి నుండి విడదీస్తుంది. 2021 నవంబరులో కురిసిన భారీ వర్షాలకు శ్రీవారి మెట్టు దారి తీవ్రంగా దెబ్బతిన్నది. ఘాట్ రోడ్లకూ నష్టం కలిగింది. డిసెంబరు 1న రెండవ ఘాట్ రోడ్డు మీద పెద్ద బండరాళ్లు దొర్లిపడి రోడ్డు కొంత మేర ధ్వంసమైంది. ఆ వేళ అటుగా వస్తున్న బస్సు తృటిలో తప్పించుకుంది. ఎక్కే బండ్లను రెండు దారులను కలిపే లింకు రోడ్డు మీదుగా మళ్లించారు. నిపుణులను రప్పించి చరియలను పరీక్షింపజేశారు. శ్రీవారి మెట్టు దారి మళ్లీ తెరుచుకోవడానికి నెలలు పట్టింది.

కొండదారికి అసలు శత్రువు నీరు. అందుకే ప్రతి ఘాట్ రోడ్డుకూ కొండ వైపున కాలువ, అడుగున కల్వర్టు, లోయ వైపున పిట్టగోడ ఉంటాయి. కాలువ పూడితే నీరు రోడ్డు మీదికి వస్తుంది. రోడ్డు మీదికి వచ్చిన నీరు అంచును కోస్తుంది. అంచు తెగితే దారి జారుతుంది. మన నగరంలో రాజకాలువ పూడితే ఇళ్లలోకి నీరు వచ్చినట్లే, కొండ మీద ఒక ప్లాస్టిక్ సీసా, ఒక అన్నం పొట్లం కల్వర్టు నోటికి అడ్డుపడితే చాలు. కిటికీలోంచి విసిరిన చెత్త లోయలో పడి మాయమవుతుందని అనుకోవడం పొరపాటు. అది తరువాతి వానకు ఏదో ఒక కాలువ నోట తేలుతుంది.

అడవి మీదుగా పోయే దారి

ఈ రెండు దారులూ శేషాచలం అడవిలోంచి సాగుతాయి. 1989లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానం ఇక్కడే ఉన్నది. 2010లో శేషాచలం జీవావరణ రక్షిత ప్రాంతమైంది. లోకంలో మరెక్కడా అంతగా పెరగని ఎర్రచందనం ఈ కొండల సొత్తు. చిరుతలు, ఏనుగులు, ఎలుగుబంట్లు, దుప్పులు ఈ అడవి నివాసులు. 2023లో అలిపిరి నడకదారిలో చిరుత దాడి చేసి ఒక పసిబిడ్డను బలిగొన్నది. అటు తరువాత చిన్నపిల్లలను నడిపించే వేళల మీద ఆంక్షలు వచ్చాయి. రాత్రి కొన్ని గంటలు ఘాట్ రోడ్లను మూసివేయడానికి వన్యప్రాణుల సంచారం కూడా ఒక కారణం. ఆ వేళలు కాలాన్ని బట్టి మారుతుంటాయి కనుక బయలుదేరే ముందే తెలుసుకోవాలి. కోతులకు, దుప్పులకు తిండి పెట్టడం పుణ్యమని తలచేవారున్నారు. రోడ్డు అంచున తిండికి అలవాటుపడిన జంతువు బండి కింద పడుతుంది. దాని వెంట చిరుత కూడా దారి దగ్గరకు వస్తుంది.

బయలుదేరే ముందు

పై సంగతులను బట్టి ప్రయాణికులు గుర్తుంచుకోవలసినవి ఇవి:

బండి మాట్లాడుకునేటప్పుడు బ్రేకులు, టైర్లు, లైట్లు ఎప్పుడు చూపించారో అడగండి. డ్రైవరుకు ఘాట్ రోడ్డు అనుభవమున్నదో లేదో తెలుసుకోండి. రాత్రి ప్రయాణమైతే అతడు పగలు నిద్రపోయాడని నిర్ధారించుకోండి. లేదా నడుమ రెండు గంటలు ఆగండి.

పరిమితికి మించి మనుషులను ఎక్కించకండి. పెరిగిన ప్రతి మనిషి బరువూ దిగుడులో బ్రేకు మీద పడుతుంది. బండి పైకప్పు మీద సామాను ఎక్కువైతే మలుపులో బండి ఒరుగుతుంది.

మొగిలి, భాకరాపేట కనుమలను మెలకువగా దాటండి. రెండు వైపులా బండ్లు తిరిగే కొండదారిలో ఎక్కే బండికి దారి ఇవ్వడం దిగే బండి విధి. మలుపు వద్ద ముందు బండిని దాటరాదు.

దిగేటప్పుడు తక్కువ గేరు వాడండి. సమయం మిగిలిందని టోల్‌గేటు ముందు బండ్లను బారుగా నిలిపి దారిని ఇరుకు చేయకండి. ఆ మిగిలిన నిమిషాలను దారి పొడవునా నిదానంగా ఖర్చుపెట్టడమే నియమం ఉద్దేశం.

కొండ మలుపులలో తల తిరిగి వాంతులయ్యే పిల్లలను, పెద్దలను ముందు సీట్లలో కూర్చోబెట్టండి. ఖాళీ కడుపుతో గాని, నిండు కడుపుతో గాని ఎక్కించకండి. వాంతి కోసం కిటికీలోంచి తల బయట పెట్టనివ్వకండి. కాగితపు సంచి దగ్గర ఉంచుకోండి.

వాన కురుస్తున్నప్పుడు చరియల కింద బండి ఆపి ఫోటోలు తీసుకోకండి. దారి మూసివేశారంటే తిరుపతిలోనే ఆగండి.

ముసలివారు, నడవలేనివారు కూడా కొండ చేరాలన్నది ఈ దారి పుట్టుకకు మూలం. ఒకనాడు డోలీ మోసిన బోయీ తన భుజం మీది మనిషి బరువును అడుగడుగునా ఎరిగి నడిచేవాడు. మెట్టు తడిగా ఉంటే ఆగేవాడు. ఊపిరి అందకపోతే దించి, సేదదీరి మళ్లీ ఎత్తుకునేవాడు. ఈనాడు ఆ బరువు చక్రాల మీదికి మారింది గాని తగ్గలేదు. బండి వెనుక సీటులో అమ్మమ్మో తాతయ్యో కళ్లు మూసుకొని కూర్చుని ఉన్నప్పుడు, స్టీరింగు పట్టినవారు ఆ బోయీ పని చేస్తున్నారని గుర్తుంచుకుంటే చాలు. నలభై నిమిషాలు ఎక్కువ అనిపించవు.